కొబ్బరిచెట్టు కింద జర్మన్ కవులు

1617 ఆగస్టు 24. జర్మనీ నడిబొడ్డున వైమార్ అనే ఊళ్ళో, ఒక కోటలో కొందరు బంధువులు కూచుని ఉన్నారు. అక్కడి దొరసాని డొరొతేయా మరియా చనిపోతే అంత్యక్రియలకని వచ్చినవాళ్ళు. మన ఊళ్ళలో అయితే కార్యక్రమాలన్నీ అయ్యాక చుట్టాలు అరుగు మీద చేరి పొలం గట్ల గురించో, ఆస్తి పంపకాల గురించో మాట్లాడుకుంటారు. వీళ్ళు తమ భాష గురించి మాట్లాడుకున్నారు. ఇటలీలో భాష కోసం సభలున్నాయి, మనకెందుకు లేవు అనుకున్నారు. లేచేసరికి ఒక సంఘం పెట్టేశారు.

దాని పేరు ఫ్రుఖ్త్‌బ్రింగెండె గెసెల్‌షాఫ్ట్. నోరు తిరగదు కాబట్టి మనం ‘ఫలప్రద సమాజం’ అనుకుందాం, అర్థం కూడా అదే. జర్మన్ భాష బాగు కోసం పుట్టిన మొట్టమొదటి పెద్ద సంస్థ ఇది. 1680 దాకా నడిచింది, మొత్తం 890 మంది సభ్యులు చేరారు. ఇంతకీ ఈ సమాజం తనకి గుర్తుగా ఏం పెట్టుకుందో తెలుసా? కొబ్బరిచెట్టు! వాళ్ళ మాటల్లో ‘ఇండియా తాటిచెట్టు’. దాని కింద నినాదం: అన్నీ ఉపయోగానికే. కాయ, నీళ్ళు, పీచు, ఆకు, మాను, ఏదీ వృథా పోని చెట్టు అని పుస్తకాల్లో చదివి ముచ్చటపడి పెట్టుకున్నారు. మనం కల్పవృక్షం అనే చెట్టుని, మంచు కురిసే దేశంలో ఒక భాషకి గుర్తుగా నిలబెట్టారన్నమాట. అందుకే దానికి ‘తాళవృక్ష సమాజం’ అని మారుపేరు కూడా ఉంది.

జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాడిగా నాకు ఈ కథ మీద మోజు పుట్టడానికి కొబ్బరిచెట్టు ఒక్కటే కారణం కాదు. మన సాహిత్య చరిత్రలో సగం కథ కవికీ, కవిని పోషించిన ప్రభువుకీ మధ్య నడిచింది. కృతిభర్త, అంకితం, అగ్రహారం, కనకాభిషేకం, వార్షికం, సంభావన: ఎన్ని మాటలున్నాయో చూడండి! అదే వ్యవహారం ఇక్కడ ఎలా నడిచిందో చూస్తే, మనదాంట్లో అప్పటిదాకా కనబడని ఒక సంగతి కనబడుతుంది.

ముందు ఆనాటి జర్మనీ ఎలా ఉండేదో రెండు ముక్కల్లో. దేశం ఒకటి కాదు. చక్రవర్తి పేరుకి ఒకడున్నా, కింద మూడొందల పైచిలుకు చిన్నా పెద్దా రాజ్యాలు, స్వతంత్ర నగరాలు, బిషప్పుల ఏలుబడిలోని సీమలు. మన సంస్థానాలు గుర్తు తెచ్చుకుంటే చాలు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, పిఠాపురం, బొబ్బిలి, వెంకటగిరి అన్నట్టే ఆన్‌హాల్ట్, వైమార్, లీగ్నిట్స్, బ్రీగ్. ప్రతి దొరకీ ఒక కోట, ఒక కొలువు. ఆ కొలువులో ఏ భాష? పండితులది లాటిన్. నాగరికులమని చెప్పుకోవడానికి ఫ్రెంచి, ఇటాలియన్. జర్మన్ అంటే గుర్రాలవాళ్ళతో, వంటవాళ్ళతో మాట్లాడుకునే భాష. విశ్వవిద్యాలయంలో చదువుకున్న కవి పేరు తెచ్చుకోవాలంటే లాటిన్‌లో రాయాలి. ఒకప్పుడు మన పండితుల్లో కొందరు సంస్కృతం రాస్తేనే పాండిత్యం అనుకున్నట్టు.

ఆ రోజు వైమార్‌లో చేరినవాళ్ళలో ముఖ్యుడు లూడ్విగ్. చనిపోయిన దొరసానికి తమ్ముడు, క్యోటెన్ అనే చిన్న సంస్థానానికి ప్రభువు. 1579లో పుట్టాడు. కుర్రతనంలో ఇటలీ తిరిగాడు. ఫ్లోరెన్సులో ‘క్రుస్కా’ అనే భాషా సభ ఉండేది. క్రుస్కా అంటే తవుడు. భాషలో తవుడు చెరిగేసి పిండి మిగల్చడం వాళ్ళ పని. 1600లో లూడ్విగ్‌ని అందులో సభ్యుడిగా చేర్చుకున్నారు. ఆ ముచ్చటే పదిహేడేళ్ళ తరవాత వైమార్‌లో మొలకెత్తింది.

ఫలప్రద సమాజం నియమాలు రెండే రెండు. సభ్యులు మర్యాదగా, నీతిగా నడుచుకోవాలి. పరభాషా పదాలు అనవసరంగా కలపకుండా జర్మన్‌ని చక్కగా మాట్లాడాలి, రాయాలి. చేరిన ప్రతివాడికీ ఒక కొత్త పేరు, ఒక మొక్క, ఒక నినాదం ఇస్తారు. సమాజం లోపల బిరుదులు చెల్లవు. ఒకరినొకరు ఆ కొత్త పేరుతోనే పిలుచుకోవాలి. ఈ పేర్లు సరదాగా ఉంటాయి. మొదటి సభ్యుడు కాస్పర్ ఫాన్ టొయిట్‌లేబెన్ పేరు ‘పిండి సమృద్ధిగా కలవాడు’, క్రుస్కా వారి తవుడుకి జవాబుగా కాబోలు. వ్యాకరణవేత్త షొట్టేలియుస్ ‘వెతికేవాడు’. న్యూరెంబర్గ్ కవి హార్స్‌డ్యోర్ఫర్ ‘ఆడేవాడు’. నాటకకర్త గ్రూఫియుస్ ‘మరణం లేనివాడు’.

లూడ్విగ్ పేరు ‘పోషించేవాడు’. గుర్తు ఒక గోధుమరొట్టె. నినాదం: ఇంతకంటే మంచిది లేదు.

ఈ పేరు చదివినప్పుడు నేను ఆగిపోయాను. పోషకుడు! మనం రాజులకి వాడే మాటే. కానీ లూడ్విగ్ పోషించినది ఏమిటి? తనని పొగిడే కవులనా? కాదు. అతని మీద పొగడ్త కావ్యాలు ఎవరూ రాయలేదని కాదు గానీ, అతని కాలం గడిచింది వేరే పనిలో. తను అనువాదాలు చేశాడు. క్యోటెన్‌లో అచ్చుకూటం పెట్టాడు. సభ్యులు రాసినవి ఉత్తరాల్లో తెప్పించుకుని వరసవారీగా తప్పులు చూపించి తిప్పి పంపేవాడు. మా వృత్తిలో కోడ్ రివ్యూ అంటామే, అచ్చం అదే. ఒకడు రాసింది నలుగురు చూడాలి, ఒప్పుకుంటేనే అచ్చుకి వెళ్ళాలి. 1641లో గ్వైన్త్స్ అనే బడిపంతులు రాసిన జర్మన్ వ్యాకరణం క్యోటెన్‌లో అచ్చయింది. 1645లో ఆయనదే వర్ణక్రమం మీద పుస్తకం వచ్చింది. షొట్టేలియుస్‌కి ఈ వ్యాకరణం నచ్చలేదు. భాషకి లోపలి సూత్రం ఒకటుంటుంది, దాన్నిబట్టి నియమం చెప్పాలి అంటాడాయన. చదువుకున్నవాళ్ళు ఎలా మాట్లాడుతున్నారో అదే ప్రమాణం అంటారు లూడ్విగ్ పక్షంవాళ్ళు. గిడుగు వారి కాలపు గ్రాంథిక వ్యావహారిక వివాదం చదివినవాళ్ళకి ఈ తగువు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఇక్కడ విశేషమేమంటే, తగువులో ఒక పక్షాన ఉన్నది రాజ్యమేలే దొర. ఆజ్ఞ జారీ చేసి నోరు మూయించలేదు, ఉత్తరాలు రాసి వాదించాడు.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయక్కరలేదు. 1618లో రాట్కె అనే విద్యావేత్తని క్యోటెన్‌కి పిలిపించాడు. పిల్లలకి మొదట లాటిన్ కాదు, అమ్మ భాషలోనే చదువు చెప్పాలి, ఆడపిల్లలకి కూడా చెప్పాలి అనేది రాట్కె మాట. ఇప్పుడంటే మామూలు మాట, అప్పుడు విప్లవం. బడి పెట్టారు, పుస్తకాలు అచ్చేశారు. ఏడాది తిరగకుండా ఇద్దరికీ చెడింది. 1619 చివర్లో రాట్కెని పట్టి కోటలో బంధించారు, మరుసటి ఏడు గానీ వదల్లేదు. రొట్టె పెట్టిన చేతిలోనే తాళంచెవి కూడా ఉంటుంది. పోషణ గురించి ఎవరు ఎంత అందంగా చెప్పినా ఈ ముక్క మరిచిపోకూడదు.

సమాజం పుట్టిన మరుసటి ఏడే ముప్ఫయ్యేళ్ళ యుద్ధం మొదలైంది. 1618 నుంచి 1648 దాకా కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, స్వీడన్, ఫ్రాన్స్, అందరూ వచ్చి జర్మన్ నేల మీదే కొట్టుకున్నారు. ఊళ్ళు తగలబడ్డాయి, తెగుళ్ళు వచ్చాయి, కొన్ని సీమల్లో జనాభాలో సగానికి పైగా పోయింది. అప్పుడే ఈ దొరలు భాష గురించి ఉత్తరాలు రాసుకుంటున్నారు. స్వీడన్ ఛాన్సలర్ ఓక్సెన్‌షేర్నా సభ్యుడే, ఆయనకి వ్యతిరేకంగా చక్రవర్తి తరఫున సైన్యాలు నడిపిన పిక్కోలోమిని సభ్యుడే. బయట ఒకరినొకరు చంపుకునే పక్షాలవాళ్ళు సమాజం పుస్తకంలో ఒకరి వెనక ఒకరు, తలా ఒక మొక్క పట్టుకుని కనిపిస్తారు. చూడ్డానికి హాస్యంగానే ఉంటుంది. కానీ ఆ ముప్ఫయ్యేళ్ళూ ఆ పుస్తకం మూతపడలేదు.

ఇక కవి వైపు నుంచి చూద్దాం. ఆ యుగానికి పెద్ద కవి మార్టిన్ ఓపిట్స్. 1597లో సైలీషియాలోని బున్‌స్లౌలో ఒక మాంసం కొట్టువాడి ఇంట్లో పుట్టాడు. 1624లో జర్మన్ ఛందస్సు మీద చిన్న పుస్తకం రాశాడు. జర్మన్ పద్యంలో గురులఘువుల లెక్క లాటిన్‌లో లాగ అక్షరం పొడవునిబట్టి కాదు, మాటలో సహజంగా ఏ అక్షరం మీద ఊనిక పడుతుందో దాన్నిబట్టి చూడాలి అని చెప్పాడు. పుస్తకం చిన్నదే అయినా ఆ తరవాత జర్మన్ కవిత్వమంతా దాని మీదే నిలబడింది. 1625లో వియన్నాలో చక్రవర్తి ఇతని తల మీద కవికిరీటం పెట్టాడు. అదే ఏడు తన కవితల సంపుటిని లూడ్విగ్‌కి అంకితమిచ్చాడు. మరి ఫలప్రద సమాజంలో సభ్యత్వం ఎప్పుడొచ్చింది? 1629లో. నాలుగేళ్ళు! అప్పటికి చక్రవర్తి అతన్ని ప్రభువంశాల్లో కలిపి రెండేళ్ళయింది. సమాజం ఇచ్చిన పేరు ‘కిరీటం పెట్టుకున్నవాడు’. బిరుదులు చెల్లవు అన్న సభలోకి బిరుదులు సంపాదించుకున్నాకే రాగలిగాడు.

ఓపిట్స్ బతుకులో అసలు ముడి ఇది కాదు. అతను ప్రొటెస్టెంట్. 1626 నుంచి ఆరేళ్ళకి పైగా కొలువు చేసింది కార్ల్ హానిబాల్ ఫాన్ దోనా దగ్గర. ఈ దోనా సైలీషియాలో ప్రొటెస్టెంట్లని బలవంతంగా కాథలిక్ మతంలోకి తిప్పిన మొనగాడు. ఇళ్ళలో సైనికుల్ని దింపి, ‘మతం మారితే వీళ్ళు వెళ్ళిపోతారు’ అనిపించిన మనిషి. ఓపిట్స్ ఆయనకి కార్యదర్శి. ఆయన మాట మీద ప్రొటెస్టెంట్లని ఖండించే ఒక జెస్యూట్ పుస్తకాన్ని కూడా జర్మన్ చేశాడు. మరోవైపు యుద్ధం మొదట్లోనే, 1621 ప్రాంతంలో, డెన్మార్క్ వైపు తలదాచుకున్నప్పుడు యుద్ధబాధల్లో ఊరట చెప్పే దీర్ఘకావ్యం ఒకటి రాసి పెట్టుకున్నాడు. తనవాళ్ళు పడిన కష్టమంతా అందులో ఉంది. దాన్ని అచ్చు వేయించింది 1633లో, దోనా పోయిన ఏడు. పన్నెండేళ్ళు పెట్టెలో ఉంది.

దీన్ని ద్రోహం అనాలా, లౌక్యం అనాలా? ఇక్కడి విమర్శకులు రెండూ అన్నారు. నాకు మాత్రం కొలువు కవి జీతం ఎందులో ఇస్తారో ఇది చూశాకే అర్థమైంది. సగం డబ్బులో ఇస్తారు, సగం మౌనంలో వసూలు చేస్తారు. దోనా తరవాత ఓపిట్స్ ప్రొటెస్టెంట్ దొరల దగ్గర చేరాడు, అక్కణ్ణించి డాన్సిగ్ వెళ్ళి పోలండ్ రాజుకి చరిత్రకారుడయ్యాడు. 1639లో అక్కడే ప్లేగుతో పోయాడు, నలభై రెండేళ్ళయినా నిండకుండా.

మన వాళ్ళలో పెట్టెలో దాచుకోని కవులున్నారు. 18వ శతాబ్దపు కూచిమంచి జగ్గకవి ప్రభువుగారి కోసం, వారి వేశ్య మీద శృంగారకావ్యం రాస్తే కొలువులో అవమానం జరిగిందని, దాన్ని చింపేసి ‘చంద్రరేఖా విలాపం’ అనే తిట్టుకావ్యం రాశాడని చెబుతారు. చదవడానికి ఇంట్లో పెద్దలు లేని సమయం చూసుకోవాలి. కానీ జగ్గకవి అయినా కోపం తీర్చుకున్నది ప్రభువు మీద. ఓపిట్స్‌కి ఆ దారి లేదు. అతని చుట్టూ ఉన్నది యుద్ధం.

కొలువు దారి కాకుండా ఇంకో దారి కూడా ఉండేది. బాల్టిక్ ఒడ్డున క్యోనిగ్స్‌బెర్గ్, ఇప్పుడు రష్యాలో కలినిన్‌గ్రాడ్, యుద్ధం పెద్దగా తాకని నగరం. అక్కడ సీమోన్ దాఖ్ అనే కవి ఉండేవాడు, 1605లో పుట్టాడు. 1639 నుంచి విశ్వవిద్యాలయంలో కవిత్వానికి ఆచార్యుడు. జీతం అంతంత మాత్రం. ఊళ్ళో ఏ వర్తకుడింట్లో పెళ్ళయినా, ఏ పెద్దమనిషి పోయినా దాఖ్‌కి కబురొచ్చేది. ఆయన పద్యాలు వెయ్యికి పైగా ఉన్నాయి, ఎక్కువ భాగం ఇలా పెళ్ళికో చావుకో రాసినవే. అచ్చేసి అతిథులకి పంచేవారు. మన పెళ్ళిళ్ళలో చదివే పంచరత్నాల లాంటివి. పండితులు వాటిని చిన్నచూపు చూస్తారు, అక్కడా ఇక్కడా. కానీ చనిపోయిన పసిబిడ్డ మీద నాలుగు పద్యాలు కావాలని ఒక తల్లి అడిగినప్పుడు, రాసేవాడు డబ్బు కోసమే రాసినా, చదివే మనిషి ఎదురుగా ఉంటుంది. ఆ భాష ఆమెకి అర్థమవ్వాలి. లాటిన్ అక్కడ పనికిరాదు.

దాఖ్‌కీ, మిత్రులకీ ఒక అడ్డా ఉండేది. సంగీతకారుడు హైన్రిఖ్ ఆల్బెర్ట్ తోటలో గుమ్మడి పాదు అల్లుకున్న పందిరి. గుమ్మడికాయల మీద తమ పేర్లు చెక్కేవాళ్ళు, కాయ పెరిగేకొద్దీ అక్షరాలూ పెరిగేవి, పండి కుళ్ళిపోయేవి. చుట్టూ యుద్ధం, తెగులు. మనిషి బతుకూ ఇంతే అని వాళ్ళ భావం. నగరంవాళ్ళు దారి వెయ్యడానికి ఆ తోటని తీసేశారు. 1641లో దాఖ్ దాని మీద పెద్ద విలాపం రాశాడు. అది దొర కోసం కాదు, పెళ్ళి కోసం కాదు, డబ్బు కోసం కాదు. ఈనాటి విమర్శకులు ఆయన రచనల్లో తలమానికం అనేది దాన్నే.

అలాగని దాఖ్ దొరల్ని అడగలేదనుకోకండి. బ్రాండెన్‌బుర్గ్ ప్రభువు ఫ్రీడ్రిఖ్ విల్హెల్మ్‌కి, పిల్లలు గలవాణ్ణి, కాస్త నేల ఇప్పించండి అని పద్యాల్లో అర్జీ పెట్టుకున్నాడు. 1658లో కుక్స్‌హైమ్ అనే చోట చిన్న భూమి వచ్చింది. మన లెక్కలో అగ్రహారం. 1659లో దాఖ్ క్షయతో పోయాడు. అర్జీ చేరింది, నేల వచ్చింది, దున్నుకునే టైం రాలేదు. శ్రీనాథుడి చివరి రోజులు గుర్తొస్తాయి. కనకాభిషేకం చేయించుకున్నవాడు చివరికి కౌలు కట్టలేక బాధపడ్డాడని చెప్పుకుంటాం కదా. రోజులన్నీ దొర దయ మీద గడిస్తే, ఆ దయ ఎప్పుడొస్తుందో కూడా దొర చేతిలోనే ఉంటుంది.

మళ్ళీ సమాజం దగ్గరికొద్దాం. 1650లో లూడ్విగ్ పోయాడు. అప్పటికి సభ్యులు 527 మంది. సమాజాన్ని ఉన్నత వంశీకుల కోసం మాత్రమే ఉంచాలన్న మాట ఆయన ఉండగానే వచ్చింది, ఆయన ఒప్పుకోలేదు. భాష కోసం పెట్టిన చోట భాష తెలిసినవాడు ఉండాలి కదా అనేది ఆయన పట్టు. తరవాత నాయకత్వం వైమార్‌కి, అక్కణ్ణించి వైసెన్‌ఫెల్స్‌కి పోయింది. సభ్యులు వస్తూనే ఉన్నారు, మొక్కలు, పేర్లు ఇస్తూనే ఉన్నారు. పుస్తకాలు తగ్గాయి. దొరలకి అదొక అలంకారం అయింది, ఇంటి గోడ మీద ఇంకో పటం. 1680లో మూడో నాయకుడు పోయేసరికి దీపం ఆరిపోయింది. అప్పటికి కొలువులన్నీ పద్నాలుగో లూయీ వైపు చూస్తున్నాయి, ఫ్రెంచి మాట్లాడుతున్నాయి.

ఇక్కడ ఒక్కసారి సముద్రం దాటి వేల్స్ వెళ్ళాలి. అక్కడి కవుల పద్ధతి మనకి బాగా తెలిసినదే. గురువు దగ్గర ఛందస్సు నేర్చుకుని, ఏటా జమీందార్ల ఇళ్ళ చుట్టూ తిరుగుతూ, వారి వంశావళి చెప్పి, పొగిడి, సంభావన పుచ్చుకునేవారు. 1523లో, 1567లో కేర్విస్ అనే ఊళ్ళో పెద్ద సభలు జరిపి కవులకి పరీక్షలు పెట్టి పట్టాలిచ్చారు కూడా. కానీ 1536 చట్టంతో కోర్టుల భాష ఇంగ్లీషయింది. జమీందార్లు పిల్లల్ని ఇంగ్లండుకి చదువులకి పంపారు. ఆ పిల్లలు తిరిగొచ్చేసరికి గుమ్మంలో కవి పాడుతున్నది వాళ్ళకి అర్థం కాలేదు. అర్థం కాని పొగడ్తకి ఎన్నాళ్ళు డబ్బిస్తారు? 17వ శతాబ్దం ముగిసేసరికి ఆ వ్యవస్థ అడుగంటింది. జమీందార్ల దగ్గర డబ్బు తక్కువై కాదు. వాళ్ళు భాషలోంచి వెళ్ళిపోయారు.

నేను మొదట్లో చెప్పిన సంగతి ఇదే. పోషణ అనగానే మనకి డబ్బు గుర్తొస్తుంది. కానీ క్యోటెన్ కథలోనూ, వేల్స్ కథలోనూ తేడా తెచ్చినది డబ్బు కాదు, డబ్బిచ్చేవాడు ఆ భాషలో చదువుతాడా లేదా అన్నది. మన చరిత్రలో వెలిగిన కొలువులు గుర్తు తెచ్చుకోండి. కృష్ణదేవరాయలు తనే ఆముక్తమాల్యద రాశాడు. లూడ్విగ్ క్యోటెన్‌లో అచ్చుకూటం పెట్టిన రోజుల్లోనే తమిళదేశంలోని తంజావూరులో రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాస్తూ, చేమకూర వెంకటకవి విజయవిలాసాన్ని అంకితం పుచ్చుకున్నాడు. ఆ కావ్యంలో ప్రతి పద్యంలోనూ ఉన్న చమత్కారం పట్టుకోగలిగే శ్రోత ఎదురుగా ఉన్నాడు కాబట్టే కవి అంత తెగించాడని నా అనుమానం. పిఠాపురం మహారాజా వారి పోషణలో 1936లో మొదటి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు, ఇప్పటికీ అనుమానమొస్తే మనం తెరిచేది. పొగడ్త పద్యాలు ఎక్కడికి పోయాయో గానీ నిఘంటువు నిలిచింది.

జర్మన్‌లో కూడా నిలిచినవి అలాంటివే. సమాజం సభ్యుడు ఫిలిప్ ఫాన్ త్సేజెన్ పరభాషా పదాలకి జర్మన్ మాటలు తయారుచేయడంలో దిట్ట. గ్రంథాలయానికి ‘బ్యూషెరై’, చిరునామాకి ‘ఆన్‌ష్రిఫ్ట్’, మాండలికానికి ‘ముండార్ట్’, తీవ్రమైన మోహావేశానికి ‘లైడెన్‌షాఫ్ట్’, ఇవన్నీ ఆయన పుణ్యమని చెబుతారు. నాకు జర్మన్ ఆఫీసుల నుంచి వచ్చే ఫారాల్లో ఆన్‌ష్రిఫ్ట్ అనే గడి లేనిది అరుదు, ఆ మాట వెనక ఒక కవి ఉన్నాడని నింపేవాళ్ళలో ఎంతమందికి తెలుసో! అన్నీ గెలవలేదు. కిటికీకి ‘పగటి దీపస్తంభం’ లాంటి మాట వాడితే జనం నవ్వారు, సమాజంలోని వాళ్ళే విసుక్కున్నారు. ‘అంతర్జాలం’ నిలిచి మరెన్నో కొత్త మాటలు మనల్ని నవ్వించి పోయినట్టే. వంద తయారుచేస్తే పది నిలుస్తాయి. తయారుచేసేవాడికి ఆ లెక్క ముందే తెలిసి ఉండాలి.

మరి దొరలు ఫ్రెంచికి వెళ్ళిపోయాక జర్మన్ ఎలా బతికింది? ప్రష్యా రాజు రెండో ఫ్రీడ్రిఖ్ 1780లో జర్మన్ సాహిత్యం ఎంత వెనకబడి ఉందో వివరిస్తూ ఒక పుస్తకం రాశాడు. ఫ్రెంచిలో! అప్పటికి గ్యోటె రచనలు యూరప్ అంతా చదువుతోంది. జర్మన్ కవి క్లోప్‌స్టాక్‌కి ఏళ్ళ తరబడి భరణం ఇచ్చినది డెన్మార్క్ రాజు. స్వదేశపు రాజు చెయ్యని పని పక్కదేశపు రాజు చేశాడు. కానీ అసలు మార్పు 1774లో వచ్చింది. క్లోప్‌స్టాక్ తన కొత్త పుస్తకానికి ప్రకటన ఇచ్చి, ముందుగా చందా కట్టమని పాఠకుల్నే అడిగాడు. మూడు వేలమందికి పైగా కట్టారు. ఊళ్ళ పాస్టర్లు, గుమాస్తాలు, బడిపంతుళ్ళు, గృహిణులు. పుస్తకం చేతికొచ్చాక చాలామందికి అదేమిటో అర్థం కాలేదు, పద్యాలు వస్తాయనుకుంటే పండితుల గణతంత్రం గురించి వింత నియమావళి వచ్చింది. తిట్టుకున్నారు. అయినా దారి పడింది. పోషకుడు కోటలోంచి వీధిలోకి వచ్చాడు.

మన సంస్థానాలు 1950 నాటికి పోయాయి. తిరుపతి వెంకట కవులు ఏనుగెక్కి ఊరేగిన గద్వాల, వనపర్తి, ఆత్మకూరు కొలువుల తరం మన తాతలకే కథగా మిగిలింది. తరవాత పత్రికలు, చందాదారులు, అద్దె లైబ్రరీలు కొన్నాళ్ళు మోశాయి. ఇప్పుడు మిగిలిన పోషకులెవరు? లెక్క చూసుకుంటే మనమే. నెల జీతం వచ్చే, వేరే దేశంలోనో వేరే రాష్ట్రంలోనో ఉండే నాలాంటివాళ్ళం. జర్మనీలో ఊరికో తెలుగు సంఘం ఉంది. ఉగాదికి, దసరాకి హాలు అద్దెకి తీసుకుని, పులిహోర వండుకుని, పిల్లల చేత పాటలు పాడించుకుంటాం. చందా అడిగితే ఎవరూ కాదనరు. నాకు ఆ పండగలంటే ఇష్టమే. కానీ ఆ హాలులో గత ఏడాది ఒక తెలుగు పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్ళు చెయ్యెత్తండి అంటే? వేల్స్ జమీందారు కూడా చాలాకాలం సంభావన ఇస్తూనే ఉన్నాడు. వినడం మాత్రం మానేశాడు.

పిల్లలు ఎలాగూ జర్మన్‌లోనో ఇంగ్లీషులోనో పెరుగుతారు. దాని గురించి గుండెలు బాదుకోవడం నా ఉద్దేశం కాదు. పిల్లల మాట తరవాత, ముందు మన సంగతి. ఎవరో ఊళ్ళో కూచుని రాసిన కథ చదివి, ఇక్కడ మాట కుదరలేదు, ఇక్కడ బాగుంది అని నాలుగు వాక్యాలు రాసి పంపడానికి డబ్బు అక్కరలేదు. ముప్ఫయ్యేళ్ళ యుద్ధం మధ్యలో, సైన్యాలు తన సంస్థానం మీదుగా వెళుతుంటే, ఒక దొర చేసినది ఆ పనే.

1646లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో సమాజం పుస్తకం అచ్చయింది. మేరియన్ చెక్కిన బొమ్మలతో నాలుగొందలమంది సభ్యుల మొక్కలూ పేర్లూ అందులో ఉన్నాయి, చేరిన వరస ప్రకారం. మొదటి నంబరు టొయిట్‌లేబెన్‌ది, అంటే వైమార్ కొలువులో ఒక ఉద్యోగిది. సంస్థానాధీశుడు లూడ్విగ్‌ది రెండోది. రొట్టె బొమ్మ, కింద పేరు: పోషించేవాడు.